కుంచం, బిందె, కుర్చీ: దక్షిణ తెలంగాణ ఊళ్ల మీదుగా

శనివారం, నల్లగొండ

ఈ ప్రయాణానికి కారకుడు నా మిత్రుడైన ఒక శిల్పి. రాయి, కర్ర వదిలిపెట్టి కొన్నేళ్లుగా అతడు ఇళ్లలో వాడి పక్కన పడేసిన వస్తువులతోనే పని చేస్తున్నాడు. ఒకప్పుడు మనుషులను లేచి నిలబడేలా చేసిన వస్తువులు, చెప్పులు విడిపించిన వస్తువులు, దూరంగా నిలబెట్టిన వస్తువులు ఒక్కచోట చేర్చి ప్రదర్శన పెట్టాలన్నది అతడి ఆలోచన. వాటి కోసం నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఊళ్లు తిరగాలని బయలుదేరితే, కళాచరిత్ర పాఠాలు చెప్పుకునే నేను వెంట నడిచాను. సొంతదారు నోటి నుంచి కథ వినకుండా ఏ వస్తువునూ కొనకూడదని అతడు ముందే ఒక నియమం పెట్టుకున్నాడు.

చౌటుప్పల్ దాటేదాకా మా మధ్య వాదన ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్ గురించే నడిచింది. 1917లో న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం ఒకటి ఆరు డాలర్ల రుసుము కట్టిన ఎవరి పనినైనా ప్రదర్శిస్తామని ప్రకటించగా, ఆయన దుకాణంలో దొరికే మూత్రశాల తొట్టెను తీసుకుని దాని మీద ఆర్. మట్ అన్న దొంగపేరుతో సంతకం చేసి పంపాడు. రుసుము కట్టినా ఆ తొట్టెను ప్రదర్శనలో పెట్టలేదు. అసలు తొట్టె తరువాత ఎటు పోయిందో కూడా తెలియకుండా పోయి, ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో మాత్రం మిగిలింది. దీన్ని కళ అంటే ఏమిటన్న చమత్కారంగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి గాని, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ఎవరిని రానివ్వాలో తేల్చేది ఎవరన్నదే నా దృష్టిలో అందులోని అసలు సంగతి. తొట్టెకు సొంతంగా ఏ బలమూ లేదు. దాన్ని మామూలు చోటు నుంచి కదిలించేసరికి, అంతదాకా కనబడకుండా ఉన్న ద్వారపాలకులు బయటపడ్డారు.

బేరూత్‌లో పాలస్తీనా కుటుంబంలో పుట్టిన మోనా హటూమ్ పనులను కూడా నేను తరగతిలో చూపిస్తుంటాను. ఆమె 1999లో ఒక బల్ల నిండా వంటింటి సామాను పేర్చి, వాటన్నిటికీ తీగలు తగిలించి కరెంటు పారించింది. 2002లో తురుముడు రేకును మనిషి కంటే ఎత్తుగా పెంచి, గదిలో అడ్డుతెరలా నిలబెట్టింది. ఆ ఫొటోలు చూసిన మా విద్యార్థి ఒకడు, "అంత పెద్దగ చెయ్యాల్సిన పని లేదు సార్, మా ఊర్ల మంచం చాలు" అన్నాడు. ఆ మాటను మిత్రుడి చెవిన వేసింది నేనే. ఈ ప్రయాణంలో నా వంతు నేరం అదొక్కటే.

మధ్యాహ్నానికి పానగల్లు చేరాం. కందూరు చోడులు రాజధానిగా చేసుకుని ఏలిన ఊరు ఇది. ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా లింగం మీద ఒక స్తంభం నీడ పడుతూనే ఉంటుంది. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదో వేలు పెట్టి చూపలేం, ఎందుకంటే అనేక స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుగును సర్దడం వల్ల ఏర్పడిన నీడ అది. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియంలో జిల్లా ఊళ్ల నుంచి తెచ్చిన శిల్పాలు, పోరులో పడిన వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులు ఉన్నాయి. వీరగల్లు మీద కత్తి ఉంటుంది, డాలు ఉంటుంది, గుర్రం ఉంటుంది. ఆ వీరుడికి తిండి పెట్టిన నాగలికి, ధాన్యం కొలిచిన కుంచానికి అక్కడ చోటు లేదు. రాతికెక్కే అర్హత ఏ వస్తువుకుందో రాయించినవాడే నిర్ణయించాడన్నమాట. శిల్పాలను ముట్టుకోరాదన్న బోర్డును మిత్రుడు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఆ బోర్డు మా సంభాషణలోకి తరువాత పదేపదే వచ్చింది.

ఆదివారం, మర్రిగూడ వైపు

ఫ్లోరైడ్ నీటి వల్ల దేశమంతా పేరు తెలిసిన ప్రాంతం ఇది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం ఉండగా, ఇక్కడి బోర్లలో అంతకంటే ఎంతో ఎక్కువ ఉన్న నీళ్లను తరాల తరబడి తాగారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించగా, దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. టాంజానియాలోనూ ఇథియోపియాలోనూ ఆ పేరుతోనే వాడారు. ఒక జిల్లా పేరు దాని జబ్బుకు మందుగా ఖండాలు దాటిపోవడం వింతగానే ఉంటుంది. ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. అయినా చాలా ఇళ్ల అరుగుల మీద ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు కనిపించాయి.

మేము వెళ్లిన ఇంట్లో డెబ్బై దాటిన ఒక అవ్వ, నడుము పూర్తిగా వంగిపోయి, నేలను చూస్తూనే మాతో మాట్లాడింది. మిత్రుడికి కావలసింది ఆమె పాత స్టీలు బిందె. దాన్ని ఒళ్లో పెట్టుకుని చూశాను. అంచు కింద చిన్న చిన్న చుక్కలతో పేరు కొట్టించి ఉంది. మన ఇళ్లలో ప్రతి పెళ్లి సామాను మీదా ఉండే చుక్కలే అవి. ఉలితోనో, ఆ తరువాత వచ్చిన కరెంటు పెన్నుతోనో అంగడిలో కూర్చున్నవాడు అడుగుతాడు, పక్కనున్న మగవాళ్లు పేరు చెబుతారు, అతడు ఇంటిపేరు, పొడి అక్షరాలు, పెళ్లి తేదీ వరసగా కొట్టుకుపోతాడు. ఈ బిందె మీద ఉన్నది ఆమె భర్త పేరు. చుక్కల్లో కొన్ని చింతపండుతో తోమీ తోమీ అరిగిపోయి, ఇంటిపేరులో ఒక అక్షరం దాదాపు మాయమైంది.

"బిందె నాదే బిడ్డా. పేరు మా ఆయనది. నీళ్లు మోసింది నేను" అంది అవ్వ. ఫిర్యాదు చేస్తున్నట్టు గాక, అడిగినదానికి జవాబు చెబుతున్నట్టు అంది.

అంతకు ముందు ఇత్తడి బిందె ఉండేదట. "అది ఎండకాలమంతా షావుకారి ఇంట్ల ఉంటుండె, వానకాలం మా ఇంట్ల ఉంటుండె. కుదువ బెట్టుడు, ఇడిపిచ్చుడు. ఒక్క ఏడు ఇడిపియ్యలే, గంతే. స్టీలుదాన్ని ఏ షావుకారీ తీసుకోడు. గందుకే ఇది మిగిలింది."

స్టీలు బిందెల గురించి నేను చదివినవాటిలో ఎక్కడా ఈ సంగతి లేదు. బిహార్‌లోని ఖగౌల్‌లో పుట్టిన సుబోధ్ గుప్తా స్టీలు పాత్రలతోనే ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 2006లో వందల పాత్రలతో ఆయన పేర్చిన పెద్ద పుర్రెను పారిస్‌లోని ఒక చర్చిలో పెట్టారు. 2008లో పాత్రలతోనే అణుబాంబు పేలినప్పుడు లేచే మేఘం వంటి ఆకారాన్ని నిలబెట్టాడు. మధ్యతరగతి ఆశ, ఆకలి, తళుకు అందులో ఉన్నాయని విమర్శకులు రాస్తారు, అది నిజమే. కాని ఆ పాత్రలన్నీ అంగడి నుంచి వచ్చిన కొత్తవిలా మెరుస్తుంటాయి. తాకట్టుకు పనికిరాదు కాబట్టి ఇంట్లో మిగిలిన పాత్రకూ, తాకట్టులో పోయిన పాత్రకూ మధ్య ఉన్న తేడా ఆ తళుకులో కనిపించదు. ఈ అరిగిన బిందె ఒక్కటే, పక్కన ఇత్తడి బిందె ఉండవలసిన ఖాళీ చోటుతో సహా, ఆ మేఘం కంటే నాకు బలంగా తోచింది. నేనలా అంటే మిత్రుడు ఒప్పుకోలేదు. సంఖ్యలో ఒక బలం ఉందన్నాడు.

సంతకం సంగతి మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. న్యూయార్క్ తొట్టె మీద దొంగపేరు పడగానే అది కళాఖండం కాబోయింది. ఈ బిందె మీద అసలు పేరు పడగానే మోసే మనిషి వెనక్కి వెళ్లిపోయి, పేరుగల మనిషి ముందుకొచ్చాడు. అవ్వ పేరు కూడా కొట్టించి ప్రదర్శనలో పెడదామా అని మిత్రుడు అడిగాడు. ఆమె నవ్వి, ఇప్పుడు ఆ పేరుతో పనేముంది, కుళాయి వచ్చింది కదా అని కొట్టిపారేసింది. బిందెకు కొత్త బిందె, పైన కొంత డబ్బు ఇచ్చి తీసుకున్నాం.

సోమవారం, దేవరకొండ దాటి

దేవరకొండలో ఎక్కువసేపు ఆగలేదు. పద్మనాయకుల కోటను కింద నుంచే చూశాం. 1931లో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘమైన ఆంధ్రమహాసభ రెండో సమావేశం బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది ఈ ఊళ్లోనే. అప్పటికి ఆ సభల్లో చదువుకున్నవాళ్ల కోరికలు ఎక్కువగా వినిపించేవి. 1944లో భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి అధ్యక్షుడై, వెట్టిచాకిరి, దొరల దౌర్జన్యం ముందుకొచ్చాయి. ఆ తరువాతి సాయుధ పోరాటం గురించి భూమి లెక్కల్లో, తుపాకుల లెక్కల్లో చాలా రాశారు. నన్ను అడిగితే అందులో సగం తగాదా మంచాల గురించి, చెప్పుల గురించి, గొడుగుల గురించి. దొర వీధిలో వస్తుంటే సొంత ఇంటి ముందు సొంత మంచం మీద ఉన్న మనిషి కూడా దిగి నిలబడాలి. దొర ఉండే గడి ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవాలి, వాన పడుతున్నా గొడుగు ముడవాలి. అలా వస్తువు తనదే అయినా దాన్ని వాడుకునే హక్కు మరొకడి చూపు మీద ఆధారపడి ఉండేది.

అదే ప్రజలు తిరగబడ్డప్పుడు పట్టుకున్నవి కూడా ఇంటి వస్తువులే. గుత్పలనే దుడ్డుకర్రలు, రాళ్లు విసిరే వడిసెలలు, రోకళ్లు, కారంపొడి. అప్పటి నల్లగొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖ్‌ను ఎదిరించి తన పంటను ఇంటికి చేర్చుకున్న కథలో ఈ వస్తువులు లేని ఘట్టం ఉండదు. మాన్ రే అనే కళాకారుడు 1921లో ఇస్త్రీపెట్టె అడుగున వరసగా మేకులు అతికించి, బట్టను సాపు చేసే వస్తువును బట్టను చీల్చే వస్తువుగా మార్చాడు. కళాచరిత్రలో దానికి పెద్ద పేరుంది. రోకలికి మేకులు కొట్టవలసిన అవసరం మన ఊళ్లలో ఎవరికీ రాలేదు.

డిండి వైపు వెళ్లే దారిలో ఒక ఊళ్లో పాత గడి, కప్పు కూలి, లోపల రేగుచెట్లు మొలిచి ఉంది. గడిలో ధాన్యం కొలిచే పని చేసినవాడి మనుమడు దగ్గర్లోనే ఉంటాడని తెలిసి వెళ్లాం. అరవై ఏళ్ల మనిషి. మేము అడగ్గానే అటక మీద నుంచి రెండు కుంచాలు దించి అరుగు మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ ఇనుప పట్టీలు వేసినవే. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు. నేను తిప్పి తిప్పి చూసినా తేడా పట్టుకోలేకపోయాను.

ఆయన లోపలికి వెళ్లి గంపలో వడ్లు తెచ్చాడు. మొదటిదాన్ని నింపి, అరచేతిని అంచు మీదుగా లాగి, తల సమం చేసి, రెండోదానిలోకి ఒంపాడు. రెండోది నిండింది, మొదటిదాని అడుగున వడ్లు మిగిలాయి. మిగిలినవాటిని దోసిట్లో పోసుకుని మాకు చూపించాడు. "ఇచ్చుడు దీంతోని, తీసుకునుడు దాంతోని" అన్నాడు. ఇక్కడ గింజల అప్పును నాగు అంటారు. విత్తనాల వేళకు ఇచ్చినదానికి సగం కలిపి కళ్లంలో తిరిగి కొలవాలి. ఆ సగం అందరికీ తెలిసిన వడ్డీ. దోసిట్లోని ఈ గింజలు ఎవరి లెక్కలోనూ లేని వడ్డీ. తాతకు ఆ సంగతి తెలుసా అని అడిగాను.

"తెల్వకుంట ఎట్లుంటది సార్? కొలిచేటోనికి తెల్వకపోతే ఎవరికి తెలుస్తది? జెప్తె మా ఇంట్ల పొయ్యి ఆరిపోతుండె."

అరుగు చివర కూర్చున్న ఆయన తల్లి అప్పటిదాకా మాట్లాడలేదు. కొడుకు మళ్లీ కొలవడం మొదలుపెట్టగానే అలవాటుగా లెక్క అందుకుంది. లాభం, రెండు, మూడు, నాలుగు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అనడం మన దగ్గర పాత ఆచారం. అప్పు చెల్లించే రైతు కూడా, తన గింజలు ఎదురుగా తరిగిపోతుంటే, మంగళకరంగా ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు కదా అని మిత్రుడు నెమ్మదిగా అన్నాడు. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి కిలోలు, లీటర్లు స్థిరపడి, ముద్ర లేని కొలత నేరమయ్యాక ఈ రెండూ అటకెక్కాయి. ముద్ర వేసిన కాంటాను కూడా మోసం చేయడం పత్తి కొనుగోళ్లలో తాను చూశానని ఆయన అన్నాడు గాని, ఆ కథ మరోసారి.

అమ్మడానికి ఆయన ఒప్పుకోలేదు. ప్రదర్శనకు ఇస్తానన్నాడు, అదీ రెండు షరతుల మీద. "రెండూ కలిసే పోవాలె. ఒక్కటి పోతే అది ఉత్త కుంచం. ఇంకోటి, పక్కన వడ్లు గూడ పెట్టుండ్రి. చూసెటోళ్లు సొంతంగ కొలుచుకోవాలె. నేను చెప్తే నమ్ముతరా ఎవరన్న?" ఎన్నో ప్రదర్శనలకు పరిచయ వ్యాసాలు రాసిన నేను, ఒక కళాఖండాన్ని ఎలా చూపాలో ఇంత స్పష్టంగా చెప్పిన మాట ఎప్పుడూ వినలేదు.

దారిలో అడ్డరోడ్డు దగ్గర హోటల్లో చాయ్ తాగాం. దళితులకు వేరే గ్లాసులు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి అడిగితే యజమాని, ఇప్పుడవేమీ లేవు, అందరికీ కాగితం కప్పులే అన్నాడు. నిజమే, అందరికీ కాగితం కప్పులే. బయట బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం, తన చిన్నప్పుడు తమవాళ్ల గ్లాసులు చూరులో దోపి ఉండేవని, తాగి తామే కడిగి మళ్లీ అక్కడే దోపేవాళ్లమని చెప్పాడు. కాగితం కప్పు వచ్చి ఆ తగాదాను తీర్చకుండానే ముగించింది. ఎంగిలి సమస్య చెత్తబుట్టలోకి పోయింది, ఇంట్లో ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారన్నది అక్కడే ఉంది. పేష్వాల కాలంలో పుణెలో అస్పృశ్యులు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత, అడుగుజాడలు చెరిగిపోవడానికి నడుముకు చీపురు కట్టుకోవలసి వచ్చేదని అంబేడ్కర్ 1936లో రాశాడు. నాగపూర్‌కు చెందిన సవి సావర్కర్ ఆ ముంతను, చీపురును తన బొమ్మల్లోకి తెచ్చాడు. ముంత, చీపురు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాటిని కట్టుకోవలసిన ఒళ్లు ఎవరిదన్నది ఆ బొమ్మ చూశాక మరిచిపోవడం కష్టం.

మంగళవారం, మహబూబ్‌నగర్

పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీదికి వెళ్లాం. పాలమూరు కూలీలు తట్ట మోయని ప్రాజెక్టు దేశంలో అరుదని ఇక్కడివాళ్లు గర్వంతోనో బాధతోనో చెప్పుకుంటారు. పార, తట్ట ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. పని ఇచ్చేవాడు ముందు మనిషిని చూస్తాడా పారను చూస్తాడా అంటే, అరిగిన పార ఉన్నవాడికే పిలుపు ముందుగా వస్తుందని ఒకతను చెప్పాడు. పార అరిగిందంటే పని తెలిసినవాడని అర్థమట. మిత్రుడు ఒక తట్టకు బేరం పెట్టి, కొత్త తట్ట కొనిచ్చి పాతది తీసుకున్నాడు. నాకు మాత్రం ఒక అమ్మ తల మీది చుట్టబట్ట మీద కన్ను పడింది. పాత చీర చింపి మెలితిప్పి చుట్టింది. నడుమ ఆమె తల ఆకారానికి గుంట పడి, చెమటకు గట్టిపడి ఉంది. అంగట్లో దానికి వెల లేదు, అది లేకపోతే తట్ట ఎత్తలేరు. భద్రావతిలో పుట్టిన షీలా గౌడ 2009లో మనుషుల వెంట్రుకలతో పేనిన కిలోమీటర్ల పొడవు తాడును, కార్ల ముందు ఉండే క్రోమియం బంపర్లకు కట్టి వేలాడదీసింది. దిష్టి తగలకుండా బండ్లకు వెంట్రుకల తాడు కట్టే అలవాటు నుంచి పుట్టిన పని అది. బరువైన లోహాన్ని మోస్తున్నది తేలికైన వెంట్రుకలని చూసేవాడికి ఒక్క క్షణంలో తెలుస్తుంది. చుట్టబట్టను చూస్తే నాకు ఆ పని గుర్తొచ్చింది. అడిగితే ఇవ్వనంది. పని మధ్యలో అడిగేదేనా అది!

తరువాత ఒక పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లవలసి వచ్చింది. అధికారి లేడు, కుర్చీ ఉంది. కుర్చీ వీపుకు తెల్లటి టర్కీ తువ్వాలు పరిచి ఉంది. గది నిండా జనం నిలబడి ఉన్నారు, ఎదుటి కుర్చీలు కూడా ఖాళీగానే ఉన్నాయి. ఆ తువ్వాలును రోజూ మార్చేది అటెండరు. దాన్ని వీపుకు ఆనించుకునే అర్హత ఒక్కరిదే. కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో 2002లో బొగోటా నగర న్యాయభవనం గోడ మీది నుంచి 280 ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా కిందికి దించింది. 1985 నవంబరులో ఆ భవనంలో జరిగిన దాడిలో చనిపోయినవారికి అది నివాళి. అక్కడ ఖాళీ కుర్చీ పోయిన మనిషిని గుర్తుచేస్తుంది. మన కార్యాలయాల్లో ఖాళీ కుర్చీ మనిషి లేకపోయినా పని చేస్తూనే ఉంటుంది. పంచాయతీల్లో సగం సీట్లు మహిళలకు కేటాయించిన తరువాత కూడా కొన్ని ఊళ్లలో సర్పంచ్ కుర్చీలో ఆమె భర్త కూర్చోవడం అందరం చూస్తున్నదే. అలాంటిచోట చట్టం కుర్చీ దాకా వెళ్లి ఆగిపోయింది.

సాయంత్రం పిల్లలమర్రి. వందల ఏళ్ల ఈ మర్రిచెట్టుకు చెదలు పట్టి, 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, 2018లో అటవీశాఖ వారు సెలైన్ సీసాలు వేలాడదీసి, నీళ్లలో కలిపిన చెదల మందును చుక్కలు చుక్కలుగా కాండంలోకి ఎక్కించారు. అప్పటి ఫొటోలు చూసినవారికి తెలుసు, కొమ్మకొమ్మకూ సీసా, గొట్టం, సూది. కళ అనే ఉద్దేశం ఎవరికీ లేకుండా జరిగిన పని అది. ఆసుపత్రి మంచం పక్కన మనల్ని నిస్సహాయులను చేసే సీసా, చెట్టుకు వేలాడేసరికి ఊరు మొత్తాన్ని చెట్టుకు చుట్టాలను చేసింది.

బుధవారం, వనపర్తి మీదుగా గద్వాల

వనపర్తి సంస్థానం రాజభవనంలో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. తోరణాల కింద పిల్లలు సర్క్యూట్ బొమ్మలు గీస్తూ కూర్చున్నారు. మెట్ల మీద చెప్పులు విడవమని ఎవరూ అడగలేదు. అక్కడ మాకు కావలసిన వస్తువేదీ దొరకలేదు, దొరకనందుకు బాధా కలగలేదు.

గద్వాలలో ఒక నేతగాడి ఇంట్లో రెండు గంటలు గడిపాం. గుంట మగ్గం. కాళ్లు గుంటలో, చేతులు పైన. చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ కలిపే నేర్పులోనే గద్వాల చీర పేరంతా ఉంది. మగ్గం నేతగాడిది, నూలూ పట్టూ సరుకిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌వి, చీరా మాస్టర్ వీవర్‌దే. కూలి నేతకు. గోడ పక్కన కండెలు చుడుతున్న భార్య పనికి ఆ కూలిలో విడిగా లెక్క లేదు. మగ్గాన్ని ప్రదర్శనలో పెట్టాలని మిత్రుడు ఉబలాటపడితే నేను వద్దన్నాను. మగ్గం చూడ్డానికి మరీ అందంగా ఉంటుంది. నూలు ఎవరిదన్న ప్రశ్న ఆ అందంలో మునిగిపోతుంది.

పోచంపల్లి వైపు టై అండ్ డై చీరలకు ఆసు పోయడంలో, అంటే రంగు అద్దకముందు నూలును మేకుల చుట్టూ వరసగా చుట్టడంలో, ఆడవాళ్లు ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడించేవారు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక, 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక వస్తువు పెత్తనాన్ని ప్రశ్నించడానికి గ్యాలరీ తప్పనిసరి కాదని అన్నప్పుడల్లా నాకు ఆ యంత్రమే గుర్తుకొస్తుంది. మిత్రుడు ఈ మాటకు నొచ్చుకున్నాడని చూస్తేనే తెలిసింది.

గురువారం, అలంపూర్

బీచుపల్లి వంతెన మీద కృష్ణను దాటడం నిన్ననే అయింది. ఈ రోజు తుంగభద్ర ఒడ్డు. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల కంటే, ఊరికి కాస్త దూరంలో ఉన్న సంగమేశ్వరాలయం దగ్గరే ఎక్కువసేపు ఉన్నాం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవలసిన కూడవెల్లి గుడి ఇది. రాళ్లకు అంకెలు వేసి, విప్పి, ఇక్కడికి తెచ్చి, మళ్లీ పేర్చారు. గుడి వచ్చింది. ఆ ముంపు ఊళ్లలోని అరుగులకు, గాబులకు, రోళ్లకు అంకెలు వేసినవారు లేరు. వీరగల్లు దగ్గర మొదలైన మా ఫిర్యాదు మళ్లీ అక్కడికే వచ్చింది.

ఈ నేల మనిషే అయిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. కావ్యాల్లో ఒక్క పాదంలో తగిలిన చెప్పును, గొంగడిని పట్టుకుని ఆయన పేజీలు రాశాడు. మా ప్రయాణం చేయాలనుకున్న పని ఆయన కుర్చీలోంచి కదలకుండా చేసినదే.

గుడి మెట్ల మీద కూర్చుని మిత్రుడు హైదరాబాద్‌లో తనకు స్థలం ఇస్తానన్న గ్యాలరీకి ఫోన్ చేశాడు. వస్తువులను పీఠాల మీద గాక నేల మీద పెడతామని, అందరూ ముట్టుకోవచ్చని, వడ్లు పోస్తామని చెప్పాడు. వడ్లకు ఎలుకలు వస్తాయి, ముట్టుకుంటే బీమా వర్తించదు, పీఠాలు తప్పనిసరి అని అటు నుంచి జవాబు. తెల్లటి పీఠం, పైన దీపం, చుట్టూ తాడు. గడి ముందు నిలబెట్టినట్టే కదా నిలబెడతారు అన్నాడు ఫోన్ పెట్టేసి. నేను కొంత వాదించాను. పీఠం లేకపోతే పట్నం జనం బిందెను బిందెగా దాటిపోతారనీ, ఆగి చూడమని చెప్పే పని పీఠం చేస్తుందనీ అన్నాను. ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే అనుకుంటున్నాను. అతడు వినలేదు. ముందు ఆ కుంచాల ఊళ్లోనే పెట్టి, తరువాత పట్నం సంగతి చూద్దామన్నాడు. తువ్వాలు కుర్చీని కూడా ప్రదర్శనలో పెట్టాలా అన్నది మాత్రం తేలలేదు. జనం అందులో కూర్చుని సెల్ఫీలు దిగి పోతారని నేను, దిగనివ్వమని అతడు.

కుంచాల ఆయనకు ఫోన్ చేసి, కోతలయ్యాక, వడ్లు ఇళ్లకు చేరాక మీ ఊళ్లోనే పెడతాం అని చెప్పాడు. ఆయన సంతోషించి, గడి వాళ్ల మనుమడు అప్పుడప్పుడు ఊరికి వస్తుంటాడని, వస్తే ఆయనతో కూడా కొలిపిస్తారా అని అడిగాడు. వస్తే తప్పకుండా కొలిపిస్తామన్నాడు మిత్రుడు.

"గట్లయితే ఆయనకు చిన్నది ఇయ్యుండ్రి సార్. పెద్దది ఆ పూటకు నా దగ్గర పెట్టుకుంట."